ఆగిన గంటకు ధర
పల్నాడు సరుకు, అటాచ్ లారీలు
(వెల్దుర్తిలో చేసిన స్మారక ధర్మనిధి ఉపన్యాస పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ధర్మనిధి ఏర్పడిందో ఆయన్ని వెల్దుర్తిలో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆయన మేస్త్రి గారే. క్లీనరుగా బండెక్కి, డ్రైవరై, ఆఖరికి సొంత లారీకి యజమాని అయిన మనిషి. ఇంకొకరి బండి దారిలో ఆగిపోయి కనిపిస్తే తన లోడు సంగతి పక్కన పెట్టి జాకీ దించేవారు. "పొగడ్తలు వద్దు బాబాయ్, నాన్న పని గురించి పనికొచ్చే మాట చెప్పండి" అని ఆయన పిల్లలు నన్ను అడిగారు. అందుకే నేరుగా పనిలోకి దిగుతాను.

మేస్త్రి గారి బండిలో ఒక బౌండు పుస్తకం ఉండేది. డీజిలు, టైర్లు, బత్తా ఎవరైనా రాసుకుంటారు. ఆయన వాటితోపాటు ఏ గేటు ముందు ఎన్నింటికి ఆగారో, ఎన్నింటికి కదిలారో కూడా రాసేవారు. ఆ గంటలకు డబ్బు ఎవరూ ఇవ్వరని తెలిసి కూడా రాశారు. ఇవాళ నా వాదమంతా ఆ గంటల చుట్టూనే. ఒక ఫ్యాక్టరీకి కట్టుబడి నడిచే లారీ బతకాలంటే, చక్రం తిరిగిన కిలోమీటర్లతో పాటు చక్రం ఆగిన గంటలకూ ఒప్పందంలో ధర ఉండాలి.

1

ముందు మన సరుకు సంగతి. పల్నాడు నేల కింద ఉన్నది సున్నపురాయి. అమరావతి స్తూపానికి చెక్కిన ఫలకాలు ఈ రాయివే. పండితులు దాన్ని పల్నాడు పాలరాయి అంటారు. అంటే రెండు వేల ఏళ్ల కిందటే ఇక్కడి బరువు ఇంకో ఊరికి తరలిపోయింది. కొత్త కాలంలో, ఎగువన నాగార్జునసాగర్ కడుతున్న రోజుల్లోనే, 1958లో కేసీపీ వారి సిమెంటు ఫ్యాక్టరీ మాచర్లలో మొదలైంది. ఆ సంస్థను 1941లో స్థాపించిన వెలగపూడి రామకృష్ణ గారు ఐసీఎస్ ఉద్యోగం చేసి పరిశ్రమల్లోకి వచ్చినవారు. తర్వాత కృష్ణకు ఇటు దాచేపల్లి పక్కన, అటు మేళ్లచెరువు, మఠంపల్లి పక్కన సిమెంటు గొట్టాలు వరసగా లేచాయి.

ఫ్యాక్టరీలు పట్నాల దగ్గర కాకుండా రాతి దగ్గరే ఎందుకు కట్టారు? సిమెంటుగా నూరే క్లింకరు ఒక టన్ను తయారు కావడానికి దాదాపు టన్నున్నర సున్నపురాయి కావాలి. బట్టీలో కాలేటప్పుడు అందులో పెద్ద భాగం గాలిలో కలిసిపోతుంది. గాలిలో కలిసే బరువుకు బాడుగ కట్టి పట్నం దాకా మోయించే తెలివితక్కువ వ్యాపారి ఉండడు. అందుకే బట్టీ రాతి దగ్గరికి వచ్చింది. సిమెంటు మాత్రం ఇల్లు కట్టే చోటికి వెళ్లక తప్పదు. పిడుగురాళ్ల సున్నం, మాచర్ల నాపరాళ్లు, మన మిర్చి, పత్తి, అన్నీ అంతే. పల్నాడు నుంచి బయటికి పోయేది బరువైన సరుకు. తిరిగి వచ్చేటప్పుడు అంత బరువు దొరకదు. ఈ ఎగుడుదిగుడు మన రవాణాకు పుట్టుకతో వచ్చింది.

వెల్దుర్తికి దీనితో ఏం పని అని పిల్లలు అడగవచ్చు. సాగర్ మనకు కూతవేటులో ఉన్నా ఈ మండలంలో చాలా పొలాలు వాన కోసమే చూస్తాయి. వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తూనే మన ఇళ్లలోని కుర్రాళ్లు స్టీరింగు పట్టుకున్నారు. ఈ పందిట్లో ఎంతమంది దగ్గర హెవీ లైసెన్సు ఉందో చేతులెత్తించి చూడక్కర్లేదు, నాకు తెలుసు.

2

లారీ అంటే ఏ సరుకైనా మోసేస్తుందని బయటివాళ్లు అనుకుంటారు. మోయదు. పిడుగురాళ్ల బట్టీ నుంచి దించిన రాతి సున్నాన్ని తీసుకోండి. ఉక్కుకు కావాలి, చక్కెరకు కావాలి, కోస్తాలో రొయ్యల చెరువులకు కావాలి. దానికి నీళ్లు తగిలాయంటే ఉడుకుతుంది, ఉబ్బుతుంది, చెక్క ఫలకలను మాడ్చేంత వేడి పుడుతుంది. అందుకే సున్నం ఎత్తిన డ్రైవరు ఆకాశం వంక చూస్తూ నడుపుతాడు. అడుగున చెమ్మ లేకుండా బాడీ తుడుచుకోవాలి, పైన టార్పాలిన్ పట్టా రెండు వరసలు కప్పాలి, తాళ్లు బిగించాక మూలల దగ్గర చెయ్యి పెట్టి సందు ఉందేమో తడిమి చూడాలి. వాన మొదలైతే ఏ పెట్రోలు బంకు రేకుల కిందో దూరాలి. ఆ సున్నం దించి, అదే బాడీలో మిర్చి బస్తాలు ఎత్తుతామంటే ఏ రైతు ఒప్పుకుంటాడు?

నాపరాళ్లు ఇంకో రకం. పరిచి పేరిస్తే కింది రాయి పగులుతుంది. నిలువుగా నిలబెట్టి, మధ్యలో గడ్డి కుక్కి, కదలకుండా కట్టాలి. ఆ పేర్పు తెలిసిన ముఠా కార్మికులు లేకపోతే సగం రాయి దారిలోనే ముక్కలవుతుంది.

సిమెంటులో కలిపే బూడిద సంగతి చూడండి. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం నుంచి ఆ బూడిద బల్కర్లలో వస్తుంది. మూసిన ట్యాంకు, దించడానికి గాలి కొట్టే కంప్రెసరు. ఆ బల్కరు బస్తాలు మోయలేదు, బస్తాల లారీ బూడిద మోయలేదు. ఫలితంగా ఒకే ఫ్యాక్టరీ గేటులోంచి బస్తాల లారీ నిండుగా వెళ్లి ఖాళీగా వస్తుంది, బల్కరు నిండుగా వచ్చి ఖాళీగా వెళుతుంది. రెండు బండ్లూ దారిలో ఎదురుపడి హారన్లు కొట్టుకుంటాయి. ఇద్దరి డీజిలూ సగం దారి గాలిని మోయడానికే కాలుతోంది.

ఒకే ఫ్యాక్టరీకి కట్టుబడిన బల్కరు అయితే దీనికి విరుగుడు ఉంది. బూడిద తెచ్చి దించాక ట్యాంకు శుభ్రం చేసుకుని, రెడీమిక్స్ ప్లాంట్లకు పోయే లూజు సిమెంటు ఎత్తుకుని వెళ్లవచ్చు. ఏ రోజు ఎక్కడ దొరికితే అక్కడ లోడు పట్టే బండికి ఆ వీలు లేదు. అటూ ఇటూ సరుకు పక్కా అని ముందే తెలిస్తేనే ఆ తిరుగుడు కుదురుతుంది. సరుకును బట్టి బండి, బండిని బట్టి దారి, దారిని బట్టి మనిషి. పరిశ్రమకు లారీ అటాచ్ కావడంలో ఉన్న అసలు లాభం ఇక్కడే ఉంది.

3

ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం. ఏ ఫ్యాక్టరీ అని పేరు చెప్పను. మీరంతా చూసిన గేటే.

బండి వచ్చి వరసలో నిలబడుతుంది. టోకెను కోసం కాగితాలు ఇవ్వాలి. ఆర్.సి., ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషను, అందులో ఒకటి గడువు దాటితే వెనక్కి. టోకెను పిలిచాక ఖాళీ కాటా. తర్వాత ప్యాకింగు ప్లాంటు ముందు మళ్లీ వరస. ఆ రోజు కావలసిన రకం సిమెంటు సైలోలో ఉంటే సరే, లేకపోతే మిల్లు తిరిగేదాకా ఆగాలి. బెల్టు మీద బస్తాలు వస్తుంటే ముఠా వాళ్లు పేరుస్తారు. లోడింగుకు పట్టే సమయం గంట, గంటన్నర. మళ్లీ నిండు కాటా. బస్తా తేడా వస్తే మళ్లీ లెక్క. ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు, గేట్ పాస్. దించే చోట ఇదే తంతు తిరగేసి జరుగుతుంది. గోడౌనులో జాగా లేదంటారు, ముఠా రాలేదంటారు, ఆదివారం అంటారు.

ఒక లెక్క వేద్దాం. ఇవి నేను అనుకున్న అంకెలు. ఇంటికెళ్లాక మీ అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి. పది చక్రాల బండికి ఫైనాన్సు కిస్తీ, డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు, టాక్సు అన్నీ కలిపి నెలకు 1,20,000 రూపాయలు అనుకుందాం. బండి తిరిగినా, చెట్టు కింద నిలబడినా కట్టక తప్పని డబ్బు ఇది. నెలకు 720 గంటలు. అంటే గంటకు సుమారు 167 రూపాయలు. మీరు నిద్రపోతున్నప్పుడూ ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఫ్యాక్టరీ నుంచి 150 కిలోమీటర్ల దూరానికి సరుకు వెయ్యాలి. పోనూ రానూ 300 కిలోమీటర్లు, గంటకు సగటున 30 కిలోమీటర్ల చొప్పున 10 గంటల నడక. రెండు చివర్లా కలిపి 38 గంటలు ఆగాల్సి వస్తే ఒక ట్రిప్పుకు 48 గంటలు, నెలకు 15 ట్రిప్పులు. ఆ ఆగడాన్ని 26 గంటలకు తగ్గించగలిగితే ట్రిప్పుకు 36 గంటలు, నెలకు 20 ట్రిప్పులు. కిస్తీ మారలేదు, రోడ్డు మారలేదు, ఇంజను మారలేదు. మొదటి లెక్కలో ట్రిప్పు మీద పడే స్థిర ఖర్చు 8,000, రెండో లెక్కలో 6,000. బండిలో 18 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 360 అనుకుంటే, టన్నుకు 111 రూపాయలు, బస్తాకు అయిదున్నర రూపాయల తేడా. ఆ అయిదున్నర రూపాయలు గేటు ముందు నిలబడి ఆవిరైపోతున్నాయి. బాడుగలో పది రూపాయలు పెంచమని యజమాని, తగ్గించమని కంపెనీ వారాల తరబడి పట్టుబడతారు. ఇద్దరూ పంచుకోగలిగిన డబ్బు మాత్రం వరసలో నిలబడి ఉంటుంది.

మరి ఇన్నాళ్లూ దీన్ని ఎలా తట్టుకున్నారు? ఎక్కువ బరువు ఎత్తి. పోయిన ట్రిప్పును ఉన్న ట్రిప్పు మీద వేసి. ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది. 2018 జూలైలో కేంద్రం చట్టబద్ధమైన బరువునే పెంచింది. పది చక్రాల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులైంది. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక అది దాటితే 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి టన్నుకు మరో 2,000. అది మంచికే జరిగింది. ఓవర్‌లోడు వల్ల బ్రేకు పట్టక, టైరు పేలి పోయిన ప్రాణాలు ఈ పందిట్లో కూర్చున్నవాళ్ల ఇళ్లలోనూ ఉన్నాయి. కాబట్టి ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆగే గంటలను తగ్గించాలి, తగ్గనివాటికి డబ్బు కట్టాలి.

4

కంపెనీల వైపు మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. సిమెంటు బట్టీ రాత్రీ పగలూ మండుతుంది. దాన్ని చల్లార్చి మళ్లీ వెలిగించడం ఖర్చుతో కూడిన పని. సరుకు ఎత్తే లారీలు రాకపోతే సైలోలు నిండుతాయి, ప్యాకింగు ఆగుతుంది, వెనకాల మిల్లులు ఆపాలి. ఎండాకాలం మిర్చి గుంటూరు యార్డుకు, కోల్డ్ స్టోరేజీలకు కదిలే రోజుల్లో ఏమవుతుంది? అటు బాడుగ బాగుందని బండ్లన్నీ అటు మళ్లుతాయి. ఇళ్ల నిర్మాణం జోరుగా ఉండే రోజులూ అవే. సరిగ్గా అప్పుడే సిమెంటుకు లారీ దొరకదు. డీలరు ఫోన్లు, కంపెనీ అధికారి తిట్లు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో రెట్టింపు రేటు. అందుకే ఏడాది పొడుగునా తనకే నడిచే బండ్లు ఉండాలని కంపెనీ కోరుకుంటుంది. ఆ కోరికలో తప్పు లేదు.

ఒప్పందం రాసుకునేటప్పుడే పేచీ వస్తుంది. బండి వేరే లోడు పట్టకూడదు, బండి మీద కంపెనీ రంగు వేయించాలి, జీపీఎస్ పెట్టించాలి, పిలిచిన గంటకు రావాలి అని అన్నీ రాస్తారు. నెలకు కనీసం ఇన్ని ట్రిప్పులు ఇస్తాం అని మాత్రం రాయరు. ఇది ఒంటెద్దు కాడి. ఒక పక్క మెడ మీద బరువంతా, రెండో పక్క గాలిలో.

ఈ బరువును రెండు పక్కలా పంచుకునే పద్ధతి వేరేచోట ఉంది. అమెరికాలో 1935 నాటి మోటారు రవాణా చట్టమే రెండు రకాల లారీ సంస్థలను వేరు చేసి చూపింది. ఎవరు పిలిస్తే వారి సరుకు మోసేవారు ఒక రకం, విడిగా ఒప్పందం చేసుకున్న ఖాతాదారులకు కట్టుబడి మోసేవారు ఇంకో రకం. 1980లో అక్కడ ఆంక్షలు సడలించాక రెండో రకం బాగా పెరిగింది. బండ్లు, డ్రైవర్లు, షెడ్యూలు అన్నీ ఒకే ఫ్యాక్టరీ కోసం. దానికి బదులు ఫ్యాక్టరీ వారానికో నెలకో స్థిరమైన మొత్తం కడుతుంది, నడిచిన దూరానికి వేరేగా కడుతుంది. అక్కడి లోడింగు దగ్గర ఒక వాడుక ఉంది. సాధారణంగా మొదటి రెండు గంటలు ఉచితం. ఆ తర్వాత ఆగిన ప్రతి గంటకు ఇంత అని బిల్లు. అక్కడి డ్రైవర్లు కూడా ఆ బిల్లు సరిగా రావడం లేదని గొడవ పెడుతూనే ఉంటారు. కానీ గొడవ పడటానికి కాగితం మీద ఒక అంకె ఉంది. మనకు ఆ అంకే లేదు.

రైలు గురించి ఒక్క మాట. గుంటూరు–మాచర్ల లైను 1930ల ఆరంభం నాటిది. ఒక గూడ్సు రేకు రెండున్నర వేల టన్నులకు పైగా ఎత్తుతుంది. దూరపు సరుకు దానిదే, కాదనను. కానీ సంతమాగులూరులో ఇల్లు కట్టుకునే మనిషి గుమ్మం ముందు రేకు ఆగదు. నూరు, రెండు వందల కిలోమీటర్ల లోపు సరుకు లారీదే.

5

ఇక అందరికన్నా ఇబ్బందికరమైన ప్రశ్న. ఈ అటాచ్ లారీలు ఎవరివి?

లారీ యూనియన్ల సీరియల్ పద్ధతి మీకు తెలిసిందే. ముందు వచ్చిన బండికి ముందు లోడు, పెద్దవాడి పది బండ్లకూ చిన్నవాడి ఒక్క బండికీ ఒకే వరస. ఒంటి లారీ యజమానిని ఇన్నాళ్లు బతికించింది అదే. దాన్ని చులకన చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ సీరియల్ పనిని పంచింది, గంటలను మిగల్చలేదు. బండ్లు పెరిగేకొద్దీ వరస పొడుగైంది, అంతే. కంపెనీ మాత్రం ఒక్కో యజమానితో ఒక్కో ఒప్పందం రాసుకోదు. యాభై, వంద బండ్లున్న పెద్ద ట్రాన్స్‌పోర్టరును పిలుస్తుంది. అతను మన బండ్లనే కమీషను మీద పెట్టుకుంటాడు. ఆగిన గంటల డబ్బు ఒకవేళ వచ్చినా అతని దగ్గరే ఆగిపోతుంది.

దీనికి దారి మన రాష్ట్రంలోనే ఉంది. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద లారీ యజమానులు సంఘం పెట్టుకోవచ్చు. సర్కారు వాటా డబ్బు లేకుండా, సభ్యులే నడుపుకునే సంఘం. కిరాయికి సరుకు మోసే సంస్థలు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద నమోదు కావాలి. అదీ చేసుకోవచ్చు. అప్పుడు ఒంటి బండి యజమానులు కొందరు కలిసి ఒక ఫ్యాక్టరీకి ఒకే సంతకంతో ఎదురుగా కూర్చోగలుగుతారు. ఒక బండి రిపేరుకొస్తే ఇంకొకటి వెళుతుంది. కంపెనీకి కావలసిన భరోసా అదే.

ఇందులో మనకు ఒక బరువు కూడా వస్తుంది, దాన్ని దాచకూడదు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పని సమయానికి హద్దు పెట్టింది. అది అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒక్క బండి యజమాని దగ్గర పనిచేసే డ్రైవరుకు ఆ నీడ ఉండేది కాదు. సంఘంగా మారినప్పుడు డ్రైవర్లకు ఆ లెక్క పాటించాలి. పాటించాలనే నేను అంటాను. ఇందాకటి లెక్కలో 20 ట్రిప్పులకు చక్రం మీద 200 గంటలే వచ్చాయి, అంటే వారానికి 48 గంటల లోపలే. ఒకే దారిలో తిరిగే డ్రైవరు రెండు రోజులకోసారి ఇంట్లో అన్నం తినగలడు. పిల్ల ఏ తరగతి చదువుతోందో తెలిసిన తండ్రిగా ఉండగలడు. ఇక్కడున్న ఆడవాళ్లకు దీని విలువ నేను చెప్పక్కర్లేదు.

గేటు దగ్గర డ్రైవరు ఎక్కడ ఆగుతాడో కూడా చూడాలి. రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతా రేడియోలో విన్నదే. ఆ ఎండలో బండి కిందే నీడ, బండి కిందే నిద్ర. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిను తప్పనిసరి అయింది, సంతోషం. కానీ వరసలో నిలబడి ఏసీ వేసుకోవాలంటే ఇంజను తిరుగుతూ ఉండాలి, డీజిలు కాలుతూ ఉండాలి. ఆ డీజిలు ఎవరు పోస్తారు? యజమానిని పొయ్యమంటే ఏసీ కట్టెయ్యమంటాడు. ఆగిన గంటకు ధర రాసుకుంటే అందులోనే ఈ డీజిలూ వస్తుంది.

6

అందువల్ల ఒప్పందంలో ఏముండాలో నమూనా ఒకటి రాసి తెచ్చాను. కాపీలు బల్ల మీద ఉన్నాయి, తీసుకువెళ్లండి. నెలకు కనీస ట్రిప్పులు, అవి తగ్గితే స్థిర ఖర్చు కంపెనీ కట్టడం అందులో ఉన్నాయి. 2017 జూన్‌లో డీజిలు ధరను రోజూ సవరించే పద్ధతి వచ్చింది కాబట్టి దాన్ని బట్టి నెలనెలా బాడుగ సవరణ ఉంది. ఖాళీ తిరుగుదారికి వేరే లెక్క, మిర్చి రోజుల్లో కూడా బండి మళ్లించబోమన్న మన మాట, మళ్లిస్తే మనం కట్టే జరిమానా ఉన్నాయి. మన మీద జరిమానా లేని కాగితాన్ని కంపెనీ ముందు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇక ఆగిన గంటల లెక్కకు వస్తే, గేటులోకి టోకెను ఇచ్చిన నిమిషం నుంచి గేట్ పాస్ ఇచ్చిన నిమిషం దాకా సమయం కంపెనీ కంప్యూటరులోనే ఉంటుంది. జీపీఎస్ మన మీద నిఘాకు పెట్టించేదే అయినా, ఆగిన చోటుకూ సాక్ష్యం చెబుతుంది. మొదటి మూడు గంటలు ఉచితం, తర్వాత గంటకు ఇంత అని రాశాను. ఆ అంకె ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలాను, మీ లెక్కలు వేసుకుని నింపాల్సింది మీరే.

ఒక్క క్లాజు మాత్రం తేలలేదు. సరుకు దించే చోట, డీలరు గోడౌను ముందు, ఆగిన గంటలకు ఎవరు కట్టాలి? నాకు సంబంధం లేదు, డీలరును అడగండి అంటుంది కంపెనీ. డీలరుతో మనకు ఒప్పందమే లేదు. డీలరు దగ్గర వసూలు చేసుకునే బాధ్యత కంపెనీదే కావాలని నేను రాశాను. ఇద్దరు యజమానులు అది చదివి, అలా అడిగితే కంపెనీ ఒప్పందమే వద్దంటుందని, సగం సగం అని రాయమన్నారు. వాళ్లూ ఈ సభలోనే ఉన్నారు. టీ తాగాక ఎనిమిదో పేజీ తియ్యండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.